‘చక్కెర మద్యం’ అనవచ్చా?

సందేహం: ట్యూషన్ పిల్లల కోసం తెలుగు చేసిన ఒక పాఠంలో “లోహ అయాన్లు చక్కెర మద్యములను బంధించును” అని ఉంది. ఇది సరేనా? ఇళ్లలో మేం పంచదార అంటాం. పాఠంలోనూ ఆ మాట వాడకూడదా? బంధించడమూ కరగడమూ ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

సమాధానం: ‘మద్యం’ తప్పు. అది తాగితే మత్తెక్కే పానీయానికే పేరు. రసాయనశాస్త్రంలో ఆల్కహాల్ ఒక పెద్ద కుటుంబం. గ్లూకోజ్‌లోని ఆల్డిహైడ్ సమూహం క్షయకరణం చెందితే (ఇక్కడ, హైడ్రోజన్ చేరితే) సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ వస్తుంది. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వేసేది అదే, మత్తుండదు. ‘చక్కెర ఆల్కహాల్’ అనండి.

పంచదార అంటే సుక్రోజ్ ఒక్కటే. గ్లూకోజ్, రైబోజ్ వగైరాలన్నిటినీ కలిపి చెప్పాలంటే ‘చక్కెరలు’ అనక తప్పదు. ‘పంచదారలు’ అని ఎవరూ అనరు కదా!

ఇక క్రియ. ‘బంధించు’ అంటే మనకు దొంగను బంధించడమే తోస్తుంది. పైగా ఇక్కడ కర్త తలకిందులైంది. ఎలక్ట్రాన్ జంటనిచ్చేది చక్కెర హైడ్రాక్సిల్ (OH సమూహం)లోని ఆక్సిజన్, పుచ్చుకునేది లోహ అయాన్, అంటే విద్యుదావేశమున్న లోహ పరమాణువు. కాబట్టి “చక్కెర ఆల్కహాళ్లు లోహ అయాన్లను పట్టుకుంటాయి” అంటే చాలు. (గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో ‘బంధించును’ ఏమిటండీ!) అయితే ‘అన్ని చక్కెరలూ గట్టిగా పట్టుకుంటాయి’ అని రాయకండి. మామూలు నీళ్లలో ఈ పట్టు బలహీనం. ఆరు పరమాణువుల వలయంలో పక్కపక్కనున్న మూడు హైడ్రాక్సిళ్లు యాక్సియల్–ఈక్వటోరియల్–యాక్సియల్ వరుసలో (వలయానికి నిలువుగా ఒకటి, పక్కకు ఒకటి, మళ్లీ నిలువుగా ఒకటి) ఉంటేనే కాల్షియంకు మంచి పట్టు దొరుకుతుంది. రైబోజ్‌కు ఆ అమరిక కుదురుతుంది, గ్లూకోజ్‌కు కుదరదు.

కరగడం కంటికి కనిపించేది, పట్టుకోవడం దానికి కారణం. 5 శాతం కాపర్ సల్ఫేట్ ద్రావణం 1 మి.లీ. తీసుకుని, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. పోస్తే లేతనీలి అవక్షేపం (నీళ్లలో కరగని ముద్ద) వస్తుంది. సార్బిటాల్ ద్రావణం కలిపి ఊపితే అది పోయి ముదురు నీలిరంగు తేరుతుంది. ఇక్కడ “అవక్షేపం కరిగింది” అన్నది సరైన వాక్యమే. “ఎందుకంటే కాపర్ అయాన్‌ను సార్బిటాల్ పట్టుకుంది” అన్నది దాని తరువాతి వాక్యం. క్షారం (ఇక్కడ సోడియం హైడ్రాక్సైడ్) చాలకపోతే కరగదు. హైడ్రాక్సిల్ తన ప్రోటాన్‌ను వదులుకుంటేనే ఆ పట్టు బిగుస్తుంది. సార్బిటాల్ వేయకముందే వేడిచేస్తే అవక్షేపం నల్లని కాపర్ ఆక్సైడ్ అయి కూర్చుంటుంది. సార్బిటాల్ బదులు గ్లూకోజ్ వేసి వేడిచేస్తే నీలం పోయి ఇటుక ఎరుపు వస్తుంది. అది కాపర్ అయాన్ క్షయకరణం (గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్ అందుకోవడం), దాన్ని ‘పట్టుకోవడం’ అనకూడదు.

అయాన్, అయాను రెండూ చెల్లుతాయి. కొందరు రాసే ‘అయనం’ మాత్రం సూర్యుడి నడకకు చెందిన మాట.