గిటార్ పక్కన సింథసైజర్‌కు చోటు

ప్రశ్న: మేము నలుగురం నల్లగొండలో రాక్ బృందంగా వాయిస్తున్నాం. ఈమధ్య గిటార్, బేస్, డ్రమ్స్‌కు తోడుగా సింథసైజర్‌నూ, ల్యాప్‌టాప్ లూపులనూ (పదేపదే తిరిగి మోగే రికార్డు ముక్కలను) చేర్చాం. విడివిడిగా బాగున్న ధ్వనులు కలిపి వాయిస్తే గజిబిజిగా వినిపిస్తున్నాయి. డ్రమ్స్ కూడా లూప్‌తో కలవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ ఇబ్బంది చాలావరకు పరికరాలది కాదు, పాట కూర్పుది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దగ్గర, గిటార్‌లో అలాంటి తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. సింథసైజర్‌లో ముందే అమర్చి ఇచ్చే ధ్వనులను ఒంటరిగా విన్నా నిండుగా ఉండేలా తయారుచేస్తారు కనుక, అవి ఈ రెండింటి చోటునూ ఆక్రమిస్తాయి. హై పాస్ ఫిల్టర్‌తో (కింది ధ్వనులను తగ్గించి పైవాటిని పోనిచ్చే అమరికతో) సింథ్ ధ్వనిలో 200 హెర్ట్జ్ కంటే కింది భాగాన్ని తగ్గించి, తర్వాత బృందమంతా వాయిస్తుండగా చెవితో సరిచూసుకోండి. విడిగా వింటే అది పలుచగా తోచినా కంగారుపడకండి. అంతకన్నా ముఖ్యం, డిస్టార్షన్ (గరుకు ధ్వని) పెట్టిన గిటార్ పూర్తి కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మోగించే చోట సింథ్ ఒకే స్వరాన్ని పై స్థాయిలో పట్టుకోవాలి, లేదా పూర్తిగా ఆగాలి. గిటార్ ఆగిన చోట అది విస్తరించవచ్చు. రేడియోహెడ్ బృందం 2000లో వెలువరించిన 'కిడ్ ఎ' ఆల్బంలో అనేక చోట్ల గిటార్‌ను వెనక్కి జరిపి ఎలక్ట్రానిక్ ధ్వనులకు చోటిచ్చింది. ఆ త్యాగానికి మీ గిటారిస్టు సిద్ధపడితే సగం పని అయినట్టే.

లూప్ మనిషి కోసం ఆగదు కాబట్టి డ్రమ్మరే దాన్ని వినాలి. 1970లలో ది హూ బృందపు డ్రమ్మర్ కీత్ మూన్, ముందే రికార్డు చేసిన సింథసైజర్ టేపుకు తోడుగా వేదికపై వాయించేటప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు. మీరూ లూప్‌నూ, క్లిక్‌నూ (తాళం లెక్క చూపే టిక్ టిక్ శబ్దాన్ని) డ్రమ్మర్ చెవికి పంపండి. క్లిక్ మాత్రం ప్రేక్షకులకు వినిపించకూడదు. డిలే (ధ్వనిని కాస్త ఆగి తిరిగి వినిపించే ఎఫెక్ట్) వాడితే 60,000ను, అంటే నిమిషంలోని మిల్లీసెకన్లను, టెంపోతో (నిమిషానికి పడే తాళపు దెబ్బల సంఖ్యతో) భాగించండి: టెంపో 120 అయితే ఒక్కో తాళపు దెబ్బకు 500 మిల్లీసెకన్లు వస్తుంది, ప్రతిధ్వని తాళంలోనే పడుతుంది.

మరొక మాట, మీరు అడగకపోయినా చెప్పాలనిపిస్తోంది. అందరి దగ్గరా ఉండే లూపులకు బదులు పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరను ఎందుకు రికార్డు చేయకూడదు? దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన వాద్యం అది. దాని నాదాన్ని సగం వేగంతో వినిపిస్తే ఒక స్థాయి కిందికి దిగి, రెట్టింపు నిడివితో సాగుతుంది. గిటార్ కింద పరుచుకునే నేపథ్యంగా వాడుకోవచ్చు. అయితే కళాకారుని అనుమతి ముందే తీసుకుని, పారితోషికం చెల్లించి, పాట వివరాల్లో ఆయన పేరు వేయండి.