లండన్‌లో మీ బ్యాంకు వీసా కార్డు పోయి మాస్టర్‌కార్డ్ వచ్చాక జిమ్, ఓటీటీ చెల్లింపులు ఆగాయా?

కారణం కార్డు నంబరు మారడమే. కరెంటు బిల్లు మాత్రం మామూలుగా కట్ అవుతోందంటే, అది డైరెక్ట్ డెబిట్ (నేరుగా బ్యాంకు ఖాతా నుంచి పోయే చెల్లింపు); సార్ట్ కోడ్ (బ్యాంకు, బ్రాంచిని తెలిపే నంబరు), అకౌంట్ నంబరు మీద నడుస్తుంది, అవి మారలేదు. జిమ్, ఓటీటీ మాత్రం 4తో మొదలయ్యే పాత వీసా నంబరునే పట్టుకుని ఉన్నాయి. అదే నెట్‌వర్క్‌లో (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) కార్డు రెన్యూ అయితే కొత్త నంబరు చాలాసార్లు వాళ్లకు దానంతటదే చేరుతుంది. నెట్‌వర్కే మారితే ఆ ఆశ పెట్టుకోకండి. నాట్‌వెస్ట్, ఫస్ట్ డైరెక్ట్ బ్యాంకులు వీసా వదిలి మాస్టర్‌కార్డ్‌కు మారినప్పుడూ ఇదే తంతు.

1. జిమ్, ఓటీటీ ఖాతాల్లో కొత్త నంబరు, ఎక్స్‌పైరీ, సీవీవీ ఇవ్వండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పోయిన నెల స్టేట్‌మెంట్ చాలదు, 12 నెలలది తీయండి. యాంటీవైరస్, డొమైన్ లాంటివి ఏడాదికోసారే కట్ అవుతాయి. డైరెక్ట్ డెబిట్లు పక్కనపెట్టి, కార్డు మీద మళ్లీ మళ్లీ పోయేవన్నీ రాసుకుని మార్చండి.

3. ఆయిస్టర్ (లండన్ ప్రయాణ కార్డు)కు ఆటో టాప్-అప్ ఉంటే అదీ మార్చండి, లేదంటే గేటు దగ్గర టెన్షన్.

4. ట్యూబ్‌లో (లండన్ మెట్రో) ఆయిస్టర్ బదులు బ్యాంకు కార్డునే కాంటాక్ట్‌లెస్‌గా వాడితే రోజంతా ఒకే కార్డు ట్యాప్ చేయండి. ఉదయం పాతది, సాయంత్రం కొత్తది అయితే డైలీ క్యాప్ (రోజుకు గరిష్ఠ ఛార్జీ) లెక్క రెండుగా చీలుతుంది. ఫోన్‌లోని కార్డునూ వేరే కార్డుగానే లెక్కేస్తారు.