ట్యాక్స్ కోసం ఫ్లాట్ కొనొద్దండి, మీకు కట్టాల్సిన ట్యాక్సే లేదు

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగారు: జీతం ఏడాదికి 12.5 లక్షలు, 18 వేల అద్దె ఇల్లు, చేతిలో 16 లక్షలు ఉన్నాయి, 65 లక్షల ఫ్లాట్‌కి 50 లక్షల లోన్ తీసుకుంటే మంచి ట్యాక్స్ షెల్టర్ అని ఆఫీసులో అందరూ అంటున్నారు, తీసుకోమంటారా అని.

ట్యాక్స్ షెల్టర్ అంటే చట్టప్రకారం పన్ను తగ్గించుకునే దారి, అంతేనండి. హోమ్ లోన్ వడ్డీ, పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు పథకం) లాంటివి ఒకప్పుడు జీతగాళ్లకి బాగానే పనికొచ్చేవి. కానీ 2025-26 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు ఉండవు) జీతగాళ్లందరికీ తీసేసే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12 లక్షల లోపుంటే జీతం మీద ట్యాక్స్ సున్నా, మీది 11.75 లక్షలే కదా, ఇక దేన్ని తగ్గించుకుంటారు చెప్పండి. మీరుండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు పాత విధానంలోనే ఉంది, దానికోసం అటు వెళ్లి వడ్డీకి 2 లక్షలు, 80సి అని పిలిచే పీపీఎఫ్ లాంటి పొదుపుల మినహాయింపు కింద 1.5 లక్షలు పూర్తిగా వాడుకున్నా లెక్కేస్తే ట్యాక్స్ మీద అదనంగా వేసే సెస్‌తో కలిపి 85 వేల పైనే కట్టాలి. ఊరికే ఉంటే సున్నా, మినహాయింపులు వాడితే 85 వేలు! ఈ లెక్క మీ ఆఫీసు వాళ్లకి కూడా చూపించండి.

ఇక ఫ్లాట్ సంగతి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకి ఈఎంఐ 43,400 దాకా వస్తుంది, మొదటి ఏడాది కట్టేదాంట్లో 4.2 లక్షలు వడ్డీకే పోతాయి. పైగా మీ చేతిలో 15 లక్షలు డౌన్ పేమెంట్‌కి పోతే రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం అంటే ఇంకో 4.9 లక్షలు ఎక్కడినుంచి తెస్తారు, ఇంటీరియర్స్ సంగతి ఇంకా అనుకోనేలేదు. దీనికి పర్సనల్ లోన్ మాత్రం దయచేసి తీసుకోవద్దు, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోకపోయినా, ఉద్యోగం రెండు నెలలు ఆగినా ఆ రెండు ఈఎంఐలు కలిసి ఊపిరాడనివ్వవు.

సొంతిల్లు వద్దనట్లేదండి. పిల్లల స్కూలు, మీ ఉద్యోగం అక్కడే ఏడెనిమిదేళ్లు ఉంటాయనుకుంటే కొనుక్కోండి, కాకపోతే ఇప్పుడే కాదు. వచ్చే నెల నుంచే ఈఎంఐ కడుతున్నట్టు అనుకుని అద్దె పోగా మిగిలే 25 వేలు బ్యాంకులో ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, మూడేళ్లలో వడ్డీ కాకుండానే 9 లక్షలు అవుతాయి, ఆ కట్టడం మీకు భారమో కాదో కూడా తెలిసిపోతుంది. అప్పుడు ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాట్ చూసుకుంటే జీఎస్టీ ఉండదు. లోన్ ఫ్లోటింగ్ రేటుదే (వడ్డీ మధ్యలో మారేది) తీసుకోండి, బోనస్ వచ్చినప్పుడు ముందే కట్టేసినా పెనాల్టీ వేయరు.