సెల్‌ఫోను వచ్చాక పల్లెల్లో అనుబంధాలు తగ్గిపోయాయా? పాలమూరు నుంచి నా సమాధానం

సెల్‌ఫోను, ఇంటర్నెట్ వచ్చాక పల్లెల్లో మనుషుల మధ్య అనుబంధాలు తగ్గిపోయాయన్నది నిజమేనా అని మీరు అడిగారు. మా పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విషయంలో అది ముమ్మాటికీ నిజం కాదు. ఆ మాట అనేవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రుల దగ్గరే పెరిగినవాళ్లు, పండుగనాడు ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని భోంచేసే కుటుంబాలవాళ్లు అని నా నమ్మకం. మా ఇళ్లలో మనిషిని మనిషికి దూరం చేసింది వలస. అది ఫోను కంటే ఎంతో ముందు నుంచీ ఉంది.

మాది మక్తల్ దగ్గరి పల్లె. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేది మా వైపు నుంచే అయినా, నా చిన్నతనంలో మా చేలకు వానే దిక్కు. పంట చేతికొచ్చినా రాకపోయినా, దసరా దాటగానే, కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని జనం పుణెకో ముంబైకో బయలుదేరేవారు. కట్టడం పనులకు వెళ్లిన తెలుగు కూలీల వల్లనే ముంబైలోని కామాఠీపురకు ఆ పేరు వచ్చిందంటే, ఈ దారి ఎంత పాతదో ఊహించుకోవచ్చు. ఊళ్లో ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు మిగిలేవారు. మా అమ్మానాన్నలు కూడా వెళ్లేవారు. నేను నాయనమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను.

చదువు వచ్చినవాణ్ని కాబట్టి మా వీధికంతటికీ ఉత్తరాలు రాసే పని నాకే పడింది. ఎదురింట్లో వరసకు చిన్నమ్మ అయ్యే ఆమె, భర్త పుణెకు వెళ్లాక, పదిహేను పైసల కార్డు తెచ్చుకుని మా గడప మీద కూర్చునేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు, వానలు లేవు, బర్రె ఈనింది అన్నంత వరకు గబగబా చెప్పేది. ఆ తరువాత ఆగిపోయి, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చునేది. "ఇంకేం రాయాలె చిన్నమ్మా?" అని అడిగితే, "ఏం లేదు బిడ్డా, జల్ది రమ్మని రాయి" అనేది. మొగుడితో చెప్పుకోవలసిన మాటలను చిన్న పిల్లవాడి చేత ఎలా రాయిస్తుంది? పైగా ఆ కార్డును అక్కడ చదివి వినిపించేది మేస్త్రి. సగం కార్డు ఖాళీగానే పుణెకు పోయేది.

ఆ చిన్నమ్మ కొడుకు ఇప్పుడు అదే పుణెలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. రాత్రి అన్నాలయ్యాక ఆమె ఫోను తీసుకుని మిద్దె మీదికి వెళ్లి, తనకు చెప్పాలనిపించినదంతా మధ్యలో మరో మనిషి లేకుండా కొడుకుతో, కోడలితో చెప్పుకుంటుంది. హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునే మా ఊరి పీర్ల పండుగకు వాళ్లకు సెలవు దొరకలేదు. పీర్ల ఊరేగింపు, అదే సవారి, బయలుదేరినప్పుడు ఆమె జనంలో నిలబడి ఫోనును తలపైకి ఎత్తి పట్టుకుంది. అవతల కొడుకు సిమెంటు అంటిన చేతులు జోడించి మొక్కాడు, కోడలు మాత్రం పీరుకు మొక్కుగా కట్టే గుడ్డ గురించి "మన దట్టి కట్టించినవా అత్తమ్మా?" అని రెండుసార్లు అడిగి, కెమెరాను దగ్గరికి తెప్పించి, తన కళ్లతో చూసుకున్నాకే ఊరుకుంది. పక్కనే ఉన్న పట్నం చుట్టం ఒకాయన "దేవుని ముందర కూడా ఫోనేనా" అని విసుక్కున్నాడు. నాకు ఆ విసుగు మీద చాలా కోపం వచ్చింది. ఆమె భర్త కాలంలో పుణెలో ఉండిపోయినవాళ్లకు పీరును చూపించినవాళ్లు ఎవరూ లేరు.

కూలి సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు పుణెలో కూలి ఎంత అంటే మేస్త్రి చెప్పిందే లెక్క. 2016 తరువాత డేటా చౌకయ్యాక, పక్క సైటులో ఉన్న బావమరిదికి వాట్సాప్‌లో ఒక్క మాట అడిగితే అసలు రేటు తెలిసిపోతోంది. మేస్త్రుల పెత్తనాన్ని ఇంతగా తగ్గించినది మరొకటి లేదని నేను గట్టిగా చెబుతాను.

నన్ను బాధపెట్టే డిజిటల్ సంగతి వేరే ఉంది. రాళ్లు మోసి, సిమెంటు కలిపి మా అమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఒక కార్యాలయంలో ఆమె బొటనవేలిని చీరకు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. ఓటీపీ చెప్పమన్నారు, ఆ నంబరున్న ఫోను వలస పోయిన మా తమ్ముడి దగ్గర ఉంది. చేతులు అరిగేలా పనిచేసినవాళ్లకే ఈ అడ్డంకి రావడం ఘోరమైన అన్యాయం. కంటిపాపతో గుర్తించే యంత్రం ప్రతి కౌంటరులోనూ ఉండి తీరాలి.

ఫోను తీర్చలేని లోటు కూడా లేకపోలేదు. వలస పోయినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిచిన జిల్లా మాది. జ్వరం వచ్చిన పిల్లవాడికి తెర మీద కనిపించే తల్లి చాలదు. వలసను ఆపే సాగునీరే ఆ లోటుకు మందు. భీమా ఎత్తిపోతల పథకం కింద సంగంబండ జలాశయం వచ్చాక, మా ఊళ్లో కాలువ అందిన చేలవాళ్లు ఇంటి దగ్గరే ఉండి వరి వేసుకుంటున్నారు. ఎత్తున ఉన్న చేలకు ఆ నీళ్లు ఎక్కలేదు. ఆ కుటుంబాలు ఇప్పటికీ దసరా తరువాత పుణె బస్సు ఎక్కుతున్నాయి.