లాంజైనస్ చెప్పిన ఉదాత్తత అంటే భారీ మాటలు, పెద్ద పెద్ద సమాసాలేనా?

కాదండి. ‘ఆన్ ది సబ్లైమ్’ అనే ప్రాచీన గ్రీకు విమర్శ గ్రంథం లాంజైనస్ పేరు మీద ఉంది. చదివేవాళ్లను కదిలించేసే రచనలోని ఔన్నత్యాన్నే ఉదాత్తత (సబ్లైమ్) అంటాడు. ఆయన ఎంతో మెచ్చుకున్న ఉదాహరణల్లో ఒకదానిలో అసలు మాటే లేదు.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ 11వ భాగంలో కథానాయకుడు ఒడీసియస్ చనిపోయినవాళ్ల లోకానికి వెళ్తాడు. అక్కడ అజాక్స్ ఆత్మ విడిగా నిలబడి ఉంటుంది. చనిపోయిన మహావీరుడు అకిలీస్ ఆయుధాలు తనకు దక్కకుండా ఒడీసియస్‌కు దక్కాయన్న అవమానంతో ప్రాణం తీసుకున్న వీరుడతను. “ఆ పోటీలో నేను గెలవకపోయినా బాగుండేది, కోపం విడిచిపెట్టి దగ్గరికి రా” అని ఒడీసియస్ బతిమాలతాడు. అజాక్స్ ఒక్క మాటా పలకడు. మిగతా ఆత్మల వెంట చీకట్లోకి వెళ్లిపోతాడు. ఏ ప్రసంగం కన్నా ఆ మౌనమే ఉదాత్తం అంటాడు లాంజైనస్.

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ సాహిత్యం చెబుతాను. “ఉదాత్తతకు ఐదు మూలాలు” అని మొదలుపెడితే అందరూ తలలు వంచుకుని రాసుకుంటారు, పరీక్షల టెన్షన్ అలాంటిది. అజాక్స్ కథతో మొదలుపెట్టినప్పుడు మాత్రం క్లాసు తీరే మారిపోతుంది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, “మా నాన్న, బాబాయి కూడా పెళ్లిలో ఎదురుపడి మాట్లాడుకోలేదు మేడమ్, అది తిట్టుకోవడం కన్నా భయంగా ఉండింది” అంది. ఆ తర్వాత నేను విడమరిచి చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఆ ఐదు మూలాలూ ఇవి: గొప్ప ఆలోచన, తీవ్రమైన ఆవేశం, అలంకారాలు, పదాల ఎంపిక, వాక్యాల కూర్పు. మొదటి రెండూ చాలావరకు పుట్టుకతో రావాలి, మిగతావి సాధనతో వస్తాయి. మీరు అడిగిన భారీ మాటలు నాలుగో మూలంలో ఒక చిన్న భాగం మాత్రమే. పైగా వాటి గురించి ఆయన గట్టిగానే హెచ్చరిస్తాడు. ఒంటికైనా రచనకైనా వాపు చెడ్డదే అంటాడు. వాపును చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దలు అనేదీ అదే కదా.

రెండో మూలానికి ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో కవిత చూడండి. ప్రేమించిన మనిషిని చూడగానే నాలుక పనిచేయదు, చర్మం కింద సన్నటి మంట పాకుతుంది, కళ్లు కనపడవు, చెవుల్లో హోరు, ఒళ్లంతా చెమట, వణుకు. అన్నీ మనకు తెలిసిన లక్షణాలే. వాటిలో పదునైనవాటిని ఏరి ఒక్కచోట చేర్చడంలోనే ఆమె శక్తి ఉందంటాడు. ఆయన ఉదాహరించబట్టే ఆ కవిత ఈ మాత్రమైనా మనకు దక్కింది. అందుకు ఆయనకు ఎంత రుణపడి ఉన్నామో!

ఇంతకీ లాంజైనస్ అని మనం పిలిచే ఈ రచయిత అసలు ఎవరో ఖాయంగా తేలలేదు. క్రీ.శ. 1వ శతాబ్దం వాడని ఎక్కువమంది పండితుల అంచనా. గ్రంథంలో దాదాపు మూడో వంతు పోయింది. 1554లో తొలిసారి అచ్చయింది, 1674లో ఫ్రెంచ్ కవి బ్వాలో చేసిన ఫ్రెంచ్ అనువాదంతో యూరప్ అంతటా పేరొచ్చింది.

నోట్స్ పక్కన పెట్టి 9, 10 అధ్యాయాలు నేరుగా చదవండి. ఆ తర్వాత 33. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. తప్పుల్లేని మామూలు రచన గొప్పదా, అక్కడక్కడా తడబడే మహాకవి గొప్పవాడా అని అడిగి, మహాకవి వైపే నిలబడతాడు. అయాన్ అనే గ్రీకు నాటకకర్త నాటకాలు ఎక్కడా వంక పెట్టలేనంత నున్నగా ఉంటాయట. కానీ బుద్ధి ఉన్నవాడెవడూ వాటన్నిటినీ కలిపినా మరో గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఒక్క ‘ఈడిపస్’ నాటకానికి సాటి అనడు అంటాడు.