ఆర్‌లో "||" సెపరేటర్ ఉన్న ఫైల్ చదవడం

ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో, కాలమ్స్ మధ్య "||" ఉన్న ఫైల్‌ను రీడ్.టేబుల్‌తో చదవబోతే ఎర్రర్ వస్తోందన్నారు. ఆ ఫంక్షన్‌కి సెపరేటర్ (కాలమ్స్‌ను విడదీసే గుర్తు) ఒక్క బైట్ మాత్రమే ఉండాలి. రెండు నిలువు గీతలిస్తే ఒప్పుకోదు.

ఎర్రర్ ఇచ్చి ఆగిపోవడమే నయమండీ. నాకు మొదటిసారి ఇలాంటి ఫైల్ తగిలినప్పుడు రీడ్‌లైన్స్‌తో వరుసలు తెచ్చి, స్ట్ర్‌స్ప్లిట్‌తో విడగొట్టి, ఆర్‌బైండ్‌తో ఒకదాని కింద ఒకటి పేర్చాను. ముందు అక్షరాలన్నీ దేనికది విడిపోయాయి, స్ట్ర్‌స్ప్లిట్ ఆ గుర్తును రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా (వెతకాల్సిన నమూనాగా) చదువుతుంది, అందులో ఆ గీతకు 'లేదా' అని అర్థం కాబట్టి. గుర్తును ఉన్నదున్నట్టే చూడమని ఫిక్స్‌డ్ = ట్రూ పెట్టాక టేబుల్ చక్కగా వచ్చింది. వచ్చిందనే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత స్కోరు సగటు తీస్తే నలభై దాటింది. ఆ స్కోరు 10 దాటడానికే వీల్లేదు! వెతగ్గా వెతగ్గా ఈ వరుస కనిపించింది:

107||మ||34||

మొదటిగడి ఐడీ, చివరిగడి స్కోరు. ఇక్కడ ఆ చివరిగడి ఖాళీ. స్ట్ర్‌స్ప్లిట్ చివరనున్న ఖాళీని లెక్కలోకి తీసుకోదు, మూడు ముక్కలే ఇస్తుంది. నాలుగో గడి నింపడానికి ఆర్‌బైండ్ మళ్లీ మొదటి ముక్క దగ్గరికి వెళ్తుంది. అలా స్కోరు లేని ప్రతివాళ్లకీ వాళ్ల ఐడీ నంబరే స్కోరైపోయింది. వార్నింగ్ రాకపోలేదు, నేనే చదవలేదు.

ఇప్పుడైతే రీడ్ఆర్ ప్యాకేజీలో రీడ్_డీలిమ్ వాడతాను. 2021లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి అది "||" లాంటి సెపరేటర్లను నేరుగా తీసుకుంటుంది. ప్యాకేజీలు వేసుకునే వీలు లేని మెషీన్ అయితే, రీడ్‌లైన్స్‌తో తెచ్చిన వరుసల్లో "||" ఉన్న చోటల్లా జీసబ్‌తో ట్యాబ్ పెట్టి (ఇక్కడా ఫిక్స్‌డ్ = ట్రూ మరిచిపోకండి), వాటిని టెక్స్ట్ ఆర్గ్యుమెంట్ ద్వారా, సెప్ = "\t" (అంటే ట్యాబ్), హెడర్ = ట్రూ పెట్టి రీడ్.టేబుల్‌కి ఇస్తే చాలు. డేటాలో అంతకుముందే ట్యాబ్‌లు లేవని మాత్రం గ్రెప్ఎల్‌తో చూసుకోండి. ఈ దారిలో ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది, నంబర్ల కాలమ్‌లో ఎన్ఏ (విలువ లేదని గుర్తు) అవుతుంది.

రీడ్.టేబుల్‌కి ఇచ్చేటప్పుడు కోట్, కామెంట్.చార్ రెండింటినీ ఖాళీగా పెట్టండి. లేకపోతే 5' లాంటిది ఎక్కడైనా తగిలితే, మళ్లీ అలాంటి కొటేషన్ గుర్తు వచ్చేదాకా ఉన్న వరుసలన్నీ ఒకే గడిలోకి పోతాయి. # గుర్తు తర్వాత ఉన్నదంతా కామెంట్ అనుకుని వదిలేస్తుంది.

శాస్ (ఇంకో గణాంకాల సాఫ్ట్‌వేర్) వాడే స్నేహితులుంటే వాళ్లకీ చెప్పండి: అక్కడ డీఎల్ఎమ్ ఆప్షన్‌లో "||" ఇస్తే రెండు గీతల్నీ ఒక్క సెపరేటర్‌గా చూడదు, ఏ గీతకా గీతే. మొత్తం కలిపి చూడాలంటే డీఎల్ఎమ్ఎస్‌టీఆర్ వాడాలి.

ఏ పద్ధతిలో చదివినా, రీడ్‌లైన్స్ ఇచ్చిన వరుసల సంఖ్యలోంచి హెడర్ ఒకటి తీసేసి ఎన్‌రో ఇచ్చే టేబుల్ వరుసల సంఖ్యతో పోల్చండి. తేడా ఒక్కటే ఉన్నా ముందుకెళ్లకండి.