టేబుల్ సా కొన్నాను, స్విచ్ వేయడానికే భయమేస్తోంది. ఎలా నేర్చుకోవాలి?

భీమవరంలో ఉంటూ పది అంగుళాల టేబుల్ సా (బల్ల మధ్యలో గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే కోత మిషన్) కొన్నారని, మీ అమ్మాయికి పుస్తకాల అలమర చేద్దామని పనస పలకలు కూడా తెచ్చుకున్నారని, నెల దాటినా ప్లగ్ పెట్టడానికి ధైర్యం చాలడం లేదని రాశారు. అమ్మేసి చేతిరంపంతో సరిపెట్టుకోమంటారా అని అడిగారు. అమ్మకండి. నేను రాజోలు దగ్గర పల్లెటూళ్ళో లెక్కల మాస్టారిని. సెలవు రోజుల్లో చెక్క పని చేయడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మీ భయం నాకూ ఉండేది. అయితే నేను భయపడింది ఒకదానికి, దెబ్బ తగిలింది ఇంకోదానితో. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బ్లేడుకి వేలు తగులుతుందేమో అన్నదొక్కటే అప్పట్లో నా టెన్షన్. మిషన్ కొన్న మూడో నెలలో, మా పెరట్లో గాలివానకి పడిపోయిన పనస చెట్టుని సామిల్లుకి పంపి పలకలు కోయించాను. మూడు నెలలు వసారాలో పెట్టాక పైకి ఎండినట్టే కనిపించాయి. ఒక పలకని నిలువుగా రెండు బద్దలు చేయబోయాను. సగం కోత అయ్యేసరికి బ్లేడు దాటి వెళ్ళిన రెండు సగాలూ దగ్గరికి ముడుచుకుని బ్లేడు వెనక భాగాన్ని పట్టేశాయి. మోటారు మూలిగింది. మరుక్షణం పలక వెనక్కి వచ్చి నా తుంటికి కొట్టుకుంది. అక్కడ కమిలిపోయి, రెండు వారాలు క్లాసులో సరిగ్గా నిలబడలేకపోయాను. చేతులు మాత్రం బ్లేడుకి జానెడు దూరంలోనే ఉన్నాయి, గీత కూడా పడలేదు.

మా ఊరి వడ్రంగి మేస్త్రి గారు చూడ్డానికి వచ్చారు. పలక ముక్కని చేత్తో పైకీ కిందికీ ఆడించి బరువు చూసుకుని, "ఆయ్, ఇది ఇంకా పచ్చిదేనండి మాస్టారూ. చెట్టు కూడా వంగి పెరిగిందాయె. కోసేకొద్దీ ఒళ్ళు విరుచుకుంటదండి" అన్నారు. తర్వాత మిషన్ వైపు చూసి, "బ్లేడు వెనకాల ఓ రేకు ఉండాలి కదండీ, ఏదండీ?" అని అడిగారు. దాన్ని ముందు వారం గాడి కోయడానికి తీసి పక్కన పెట్టాను. మళ్ళీ బిగించలేదు.

ఆ రేకునే రివింగ్ నైఫ్ అంటారు. దాని పని తెలియాలంటే బ్లేడు తిరిగే దిశ చూడాలి. మీ వైపున్న పళ్ళు కిందికి దిగుతూ కర్రని బల్లకేసి అదుముతాయి. అవతలి వైపున్న పళ్ళు పైకి లేస్తాయి. కోత దాటిన కర్ర ఆ వెనక పళ్ళకి తగిలితే అవి దాన్ని పైకెత్తి మీ మీదికి విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,500 సార్లు తిరుగుతుంటే దాని అంచు వేగం గంటకు సుమారు 215 కిలోమీటర్లు. మా పిల్లలకి వృత్త పరిధి పాఠంలో ఈ లెక్కే చేయిస్తున్నాను. రివింగ్ నైఫ్ ఆ కోతలో నిలబడి, రెండు సగాలూ మూసుకోకుండా, వెనక పళ్ళ దాకా రాకుండా ఆపుతుంది. గాడి కోసేటప్పుడు బ్లేడుని పైనుంచి కప్పే గార్డు తీయాలి గానీ, చాలా మిషన్లలో రివింగ్ నైఫ్‌ని కిందికి దించితే చాలు. ఇంకో మాట. కొత్త బ్లేడు కొనేటప్పుడు అది కోసే గాడి వెడల్పు ఈ రేకు మందం కంటే కొంచెం ఎక్కువ ఉందో లేదో చూడండి. సన్నటి బ్లేడు తెచ్చి, కర్ర రేకు దగ్గర ఆగిపోతోందని రేకే పీకేసేవాళ్ళని నేను చూశాను.

మన డెల్టాలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ దొరికే కర్రలో చాలా భాగం పెరటి చెట్లదీ, గట్ల మీది చెట్లదీ. పడగానే సామిల్లుకి వెళ్ళి వారంలో ఇంటికొచ్చేస్తుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నిదానంగా ఆరుతుంది. అంగుళం మందానికి ఏడాది అని పాతకాలపు లెక్క. వానాకాలం మధ్యలో వస్తే అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. పైన ఆరి లోపల ఆరని పలక కోస్తున్నప్పుడే కదులుతుంది. కొబ్బరి కర్రతో అసలు మొదలుపెట్టకండి. బయట రాయిలా, లోపల బెండులా ఉంటుంది, బ్లేడు పదును త్వరగా పోతుంది. నేర్చుకోవడానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు మంచివి, వాటిలో ఈ బిగువు ఉండదు. ఆ తర్వాత అడితిలో పాత టేకు అడగండి. మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, ద్వారబంధాలు ఏళ్ళ తరబడి ఆరిన కర్ర. దాన్ని కోస్తుంటే వచ్చే వాసన కోసమైనా ఓసారి కొనాలి. మేకులు మాత్రం వెతికి పీకాలి. అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద వేలాడదీస్తూ నడిపిస్తే పైపైన ఉన్నవి దొరుకుతాయి. పెరటి చెట్లలో కూడా ఎప్పుడో బట్టల తీగకి కొట్టిన మేకులు ఉంటాయి.

ఇక మీరు మొదట చేయాల్సిన పని ప్లగ్ పెట్టకుండానే చేయాలి. బ్లేడులో ఒక పన్నుకి పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ పన్నుకీ బల్ల మీద బ్లేడు పక్కగా పొడవునా ఉన్న గాడికీ మధ్య దూరం ముందు వైపు కొలవండి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్ళీ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. ఫెన్స్, అంటే కర్రని ఆనించి తోసే పొడవాటి పట్టీ కూడా ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. ఫెన్స్ వెనక కొస బ్లేడు వైపు వాలితే కర్రని మీరే తీసుకెళ్ళి వెనక పళ్ళకి అప్పజెప్పినట్టు. మిషన్‌తో వచ్చిన కొలత నమ్మకండి, మీరే కొలవండి.

తర్వాత బ్లేడు పూర్తిగా దించి, ఉత్త బల్ల మీద కర్రని ఇరవై సార్లు తోయండి. ఎడమ చెయ్యి ఎక్కడ ఆగాలి, కుడి చేతిలోకి పుష్ స్టిక్ (వేళ్ళకి బదులు కర్రని తోసే పుల్ల) ఎప్పుడు రావాలి, పాదాలు ఎక్కడ ఉండాలి అన్నది అప్పుడే ఒంటికి పడుతుంది. ఫెన్స్ కుడి వైపు ఉంటే మీరు బ్లేడు గీతకి ఎడమ పక్కగా నిలబడాలి. ఎడమ చెయ్యి బ్లేడు దాటి వెళ్ళకూడదు. పుష్ స్టిక్ ప్లైవుడ్‌తో మీరే చేసుకోవచ్చు, రెండు మూడు చేసి అందేచోట పెట్టండి. బద్ద చివర పూర్తిగా బ్లేడు దాటేదాకా తోస్తూనే ఉండాలి, మధ్యలో వదలకూడదు. బ్లేడు ఎత్తు పన్ను పలక పైకి కనిపించేంత చాలు.

అడ్డకోతకి ఫెన్స్‌నీ, బల్ల గాడిలో జరుగుతూ కర్రని అడ్డంగా తోసే మైటర్ గేజ్‌నీ కలిపి వాడకండి. తెగిన ముక్క ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. చిన్న ముక్కల్ని బ్లేడు ఆగాకే తీయండి.

లుంగీతో, మెడలో తువ్వాలుతో మిషన్ దగ్గరికి వెళ్ళకండి. ఉంగరం, వాచీ తీసేయాలి, చేతికి కట్టిన తోరం కూడా. చేతి తొడుగులు వద్దు, అవి చేతిని లోపలికి లాగుతాయి. కళ్ళద్దాలు, చెవులకి రక్షణ, మంచి మాస్కు తప్పనిసరి. చెక్క పొట్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మా వీధిలో సాయంత్రం వోల్టేజి పడిపోతుంది, అప్పుడు నేను మిషన్ పెట్టను. మధ్యలో బ్లేడు నెమ్మదిస్తే కర్రని వెనక్కి లాగొద్దు, కదలకుండా పట్టుకుని స్విచ్ ఆపండి. పని అయ్యాక ప్లగ్ పీకేయండి, ఇంట్లో పాప ఉంది కదా.

డబ్బు ఆదా అవుతుందని మార్బుల్ కట్టర్‌ని బల్ల కింద తిరగేసి బిగించుకోమని మీకు ఎవరో చెప్పారన్నారు. వద్దు. దానికి రివింగ్ నైఫ్ లేదు, అలా తిరగేస్తే బల్ల పైకి వచ్చిన బ్లేడుకి గార్డు ఉండదు, చటుక్కున ఆపే స్విచ్ చేతికి అందదు. మీ దగ్గర అసలైన మిషన్ ఉండగా ఆ ఆలోచనే వద్దు.

మీ పనస పలకల మీద ఇప్పుడే బ్లేడు పెట్టకండి. ఒక పలకని కిరాణా కొట్టు కాటా మీద తూచి, బరువూ తేదీ పెన్సిల్‌తో దాని మీదే రాయండి. పలకకీ పలకకీ మధ్య సన్నటి రీపర్లు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చండి. పదిహేను రోజులకోసారి అదే పలకని తూచండి. వరసగా మూడు నాలుగు సార్లు బరువు మారకపోతే అప్పుడు కోయండి. అలమరకి తొందరైతే ముందు ప్లైవుడ్‌తో ఒకటి చేసి అమ్మాయికి ఇచ్చేయండి, పనసది తర్వాత చేద్దురుగాని.